టంగుటూరి సూర్యకుమారి: పాట వెనక ఉన్న నటి

సింగపూరులో తెలుగువాళ్ళ సభ ఏది జరిగినా వరస దాదాపు ఒకటే. దీపం వెలిగిస్తారు. నలుగురు పిల్లలు పట్టుపావడాలు సర్దుకుంటూ మైకు ముందు నిలబడతారు. "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" మొదలవుతుంది, హాలంతా లేచి నిలబడుతుంది. ఆ పాట రాసింది శంకరంబాడి సుందరాచారి గారని చెప్పగలిగినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. దాన్ని రికార్డుకి పాడి ఇంటింటికీ చేర్చిన గొంతు ఎవరిదని అడిగితే మాత్రం, పెద్దవాళ్ళు కాసేపు ఆలోచించి, "టంగుటూరి సూర్యకుమారి కదూ, ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు" అంటారు. అక్కడితో ఆవిడ కథ అయిపోతుంది.

ఆ రికార్డు నాటికి ఆవిడ ఇంకా చిన్నపిల్ల కిందే లెక్క. ఆ తరవాత చాలాకాలం జీవించారు. న్యూయార్కులో రవీంద్రనాథ్ ఠాగూరు నాటకంలో రాణి వేషం వేసి అక్కడి నాటక విమర్శకుల బహుమతి అందుకున్నారు. అదే వేషంతో దక్షిణాఫ్రికా వెళ్ళారు. లండనులో 40 ఏళ్ళు పాడుతూ, ఆడుతూ, నేర్పుతూ గడిపారు. ఇంత పని చేసిన మనిషి మనకి ఒక్క పాటగా మాత్రమే ఎందుకు మిగిలారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

ముందు ఊరి సంగతి, ఇంటి సంగతి చెప్పుకోవాలి. సూర్యకుమారి 1925 నవంబరు 13న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి శ్రీరాములు గారు ప్రకాశం గారి తమ్ముడు. ప్రకాశం అనగానే మనకి సైమన్ కమిషన్ నాడు తుపాకీ ముందు చొక్కా విప్పి గుండె చూపించిన బొమ్మ గుర్తుకొస్తుంది గానీ, ఆయన ఆత్మకథ "నా జీవిత యాత్ర" చదివినవాళ్ళకి ఇంకో ప్రకాశం తెలుసు. ఒంగోలులో ఆయన్ని చేరదీసిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారికి నాటకాల పిచ్చి. చదువు కోసం కుర్రవాణ్ణి తనతోపాటు రాజమండ్రి తీసుకెళ్ళారు. ఆ రాజమండ్రిలోనే నాయుడు గారి సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాటకాలు రాశారు. ప్రకాశం ముఖానికి రంగు వేసుకున్నారు, ఆడవేషాలూ కట్టారు. కాబట్టి టంగుటూరి వారింట్లో మొదట ఆడవేషం వేసింది సూర్యకుమారి కాదు, పెదనాన్నగారు!

ఇది సరదాకి చెప్పిన మాట కాదు. ఆ కాలపు తెలుగు నాటకం అలాగే నడిచేది. ఆడవాళ్ళ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఊళ్ళో ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకునేవారట. దీనికి పెద్ద మినహాయింపు సురభి వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో ఆడా మగా అందరూ వేషం కట్టేవారు. ఆ కుటుంబంలో పుట్టిన సురభి కమలాబాయి 1932లో భక్త ప్రహ్లాదలో లీలావతిగా తెలుగు టాకీకి మొదటి నాయిక అయ్యారు. వీళ్ళు కాక రంగం ఎక్కిన ఆడవాళ్ళలో ఎక్కువమంది సంగీత నృత్యాలు వృత్తిగా ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవారే. వకీళ్ళు, ఉద్యోగస్థుల ఇళ్ళలో ఆడపిల్లకి సంగీతం నేర్పించేవారు, పెళ్ళిచూపుల్లో పాడించేవారు, పెళ్ళయ్యాక హార్మోనియం అటక మీదకి ఎక్కేది.

అటువంటి ఇంటి నుంచి పదీ పన్నెండేళ్ళ పిల్లని మద్రాసు తీసుకెళ్ళి సినిమాలో నిలబెట్టడం 1937లో చిన్న విషయం కాదు. ఈ రోజుల్లో ఇక్కడి ఆర్ట్స్ స్కూల్లో నాటకం చదువుతానని మన పిల్లలు అడిగితేనే "దాంతో ఉద్యోగం ఏం వస్తుంది" అని మనం తల పట్టుకుంటాం. అప్పటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు, పరువు గురించి. ఆ పిల్ల వెంట తల్లి ఉంది, వెనక ప్రకాశం గారి పేరు ఉంది. ఆ పేరు ఒక కవచంలా పనిచేసిందని నా అభిప్రాయం. పెదనాన్నగారి కాంగ్రెసు సభల్లో ప్రార్థన గీతాలు పాడే అమ్మాయిని ఎవరూ వేలెత్తి చూపలేరు కదా.

మొదటి సినిమా విప్రనారాయణ, 1937. కాంచనమాల కూడా ఉన్న సినిమా అది. ఈ చిన్నపిల్ల గొంతు నచ్చి కథలో ఆమె కోసం ఒక పాత్ర కల్పించారు. అప్పటికి ప్లేబాక్ లేదు. కెమెరా ముందు నిలబడ్డవాళ్ళే పాడాలి, అదే షాటులో, అదే మైకులోకి. అందుకే నాటక సమాజాల నుంచి పద్యం పాడగలిగిన నటులు సినిమాకి వచ్చారు. తెలుగు నాటకంలో నటన అంటేనే పాట. ప్రేక్షకులకి పద్యం నచ్చితే "వన్స్‌మోర్" అని అరిచేవారు, చచ్చిపడిన పాత్ర కూడా లేచి ఇంకోసారి పాడి మళ్ళీ చచ్చిపోయేది. నవ్వుకునే విషయమే అయినా, అందులో ఒక పెద్ద శిక్షణ ఉంది. మాటనీ రాగాన్నీ విడదీయకుండా, చివరి వరసలో కూచున్నవాడికి కూడా అర్థం అయ్యేలా పలకడం. సూర్యకుమారి నాటక సమాజంలో పెరగకపోయినా ఆ పాఠశాల చివరి బెంచీ విద్యార్థే అనిపిస్తుంది, ఆవిడ పాడిన పాటల్లో అక్షరాల స్పష్టత వింటే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డలో ఉన్నారు. జమీందారీ రైతుల కష్టాలు చూపించిన సినిమా అది, జమీందార్లకి కోపం తెప్పించింది. బళ్ళారి రాఘవ గారి వంటి మహానటుడు అందులో రైతు. 1941లో బి.ఎన్. రెడ్డి గారి దేవత. 1943లో కృష్ణప్రేమ, అందులో ఆవిడ వేషం నారదుడు! మగవాళ్ళు సత్యభామలైన దేశంలో ఒక అమ్మాయి తంబూరా పట్టుకుని నారదుడు కావడం నాకు చాలా నచ్చిన ముచ్చట. పాట బాగా రావాలి, అదొక్కటే కొలబద్ద.

కానీ సినిమా నాయికగా ఆవిడ కాంచనమాల, భానుమతి స్థాయికి ఎప్పుడూ వెళ్ళలేదు. అభిమానంకొద్దీ వెళ్ళారని రాయడం తప్పు. ఆవిడ అసలు బలం సినిమా బయట ఉంది. గ్రామఫోను రికార్డులూ, రేడియో. బసవరాజు అప్పారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి కవుల పాటలు లలిత గీతాలుగా మన ఇళ్ళలోకి వచ్చిన కాలం అది. మద్రాసు రేడియో కేంద్రం 1938లో మొదలైంది. రజని గారు 1941లో అక్కడ చేరారు. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి నెహ్రూ గారి ప్రసంగం అయ్యాక మద్రాసు కేంద్రం నుంచి రజని గారి "మాదీ స్వతంత్ర దేశం" వినిపించింది. పాడినది సూర్యకుమారి. స్వతంత్ర దేశంలో తెలుగు గొంతు విన్నవాళ్ళు మొదట విన్నది ఈ గొంతే.

ఇక మనందరి పాట. దాన్ని సుందరాచారి గారు 1942 నాటి దీనబంధు సినిమా కోసం రాశారు. సినిమాలో అది నిలవలేదు. హెచ్.ఎం.వి. వాళ్ళు తీసుకుని సూర్యకుమారి చేత పాడించి రికార్డు విడుదల చేశారు. ఇంజనీరుగా నాకు ఇక్కడ ఒక విషయం ముచ్చటగా ఉంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డులో ఒక పక్కకి మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. ఆలాపన, చరణాలు, ముగింపు అన్నీ అందులోనే సరిపోవాలి. కచేరీలో అరగంట రాగం పాడే విద్య ఇక్కడ పనికిరాదు. తప్పు పోతే కత్తిరించి అతికే సౌకర్యం లేదు, మొత్తం మళ్ళీ పాడాలి. పుట్టుకతోనే మైకు ముందు పెరిగిన ఆవిడ తరానికి ఇది సహజంగా వచ్చింది. సినిమాలో ఇమడని పాట ఆ మూడు నిమిషాల చట్రంలో అతికినట్టు ఇమిడింది. ఆంధ్ర రాష్ట్రం కోసం జరిగిన సభల్లో పాడుకున్నారు. 1975లో, హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడు, రాష్ట్ర గీతం అయింది. మన సింగపూర్ తెలుగు సమాజం పుట్టింది కూడా ఆ 1975లోనే. 2014 తరవాత ఆంధ్రప్రదేశ్ దాన్నే ఉంచుకుంది, తెలంగాణ 2024లో అందెశ్రీ గారి గీతాన్ని తన రాష్ట్ర గీతంగా స్వీకరించింది. ఇక్కడ మనం ఒకే హాల్లో కూచునేవాళ్ళం కాబట్టి రెండూ పాడుకుంటే పోయేదేమీ లేదు.

1950 వచ్చేసరికి పరిస్థితి మారింది. ప్లేబాక్ వచ్చేసింది. నటించేవారు వేరు, పాడేవారు వేరు అయ్యారు. రెండూ కలిసి ఉన్న మనిషికి సినిమాలో చోటు ఇరుకైంది. భానుమతి గారి వంటి ఒకరిద్దరు తమ పట్టుదలతో నిలిచారు. సూర్యకుమారి వేరే దారి పట్టారు. 1952లో మిస్ మద్రాస్ అయ్యారు. ప్రకాశం గారి ఇంటి పిల్ల అందాల పోటీలో నిలబడటం ఆ రోజుల్లో ఎంత గుసగుసకి కారణమై ఉంటుందో మీరే ఊహించుకోండి. అదే ఏడాది భారతీయ సినిమావాళ్ళ బృందం ఒకటి అమెరికా వెళ్ళింది. నర్గీస్, రాజ్ కపూర్‌లతో పాటు అందులో సూర్యకుమారి ఉన్నారు. ఆ తరవాత 1955లో హిందీలో ఉడన్ ఖటోలా. దిలీప్ కుమార్, నిమ్మీలు ముఖ్య పాత్రలు. ఈవిడ రాణి.

తెలుగు సినిమా చరిత్రలు దాదాపు ఇక్కడ ఆవిడకి వీడ్కోలు చెప్పేస్తాయి. "తరవాత విదేశాలకి వెళ్ళిపోయారు" అని ఒక్క వాక్యం. విదేశాలకి వెళ్ళిపోవడం అంటే వెళ్ళినచోట పనేమీ చేయకుండా కూచోవడం కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

1961 ఫిబ్రవరిలో న్యూయార్కు మన్‌హాటన్‌లో, ఒక చర్చికి చెందిన చిన్న నాటకశాలలో "ది కింగ్ ఆఫ్ ది డార్క్ చేంబర్" మొదలైంది. దాన్ని ఆఫ్-బ్రాడ్‌వే అంటారు. వెయ్యి కుర్చీల బ్రాడ్‌వే హాళ్ళు కాకుండా, కొద్ది వందల మంది పట్టే చోట్ల, డబ్బుకన్నా కొత్తదనం మీద ఆశతో నడిచే నాటకాలు. ఠాగూరు 1910లో బెంగాలీలో "రాజా" పేరుతో రాసిన నాటకం ఇది. 1961 ఠాగూరు శతజయంతి సంవత్సరం. దర్శకుడు కృష్ణా షా, అప్పటికి ఇంకా కుర్రవాడు. నాట్యం భాస్కర్ రాయ్ చౌధురి. మద్రాసు మెరీనా బీచిలో బరువు నెట్టే కార్మికుల విగ్రహం మనందరికీ తెలుసు కదా, ఆ శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారి అబ్బాయి. పాటా, నాట్యమూ కలిపిన ప్రదర్శన అది. రాణి సుదర్శనగా సూర్యకుమారి.

కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాను, ఎందుకంటే ఆ పాత్ర ఎంత కష్టమో తెలిస్తే గానీ ఆ బహుమతి విలువ తెలియదు. రాజు ఎవరికీ కనబడడు. రాణిని కూడా ఒక చీకటి గదిలోనే కలుసుకుంటాడు. సురంగమ అనే దాసి ఆ చీకటిలోనే తృప్తిగా ఉంటుంది. రాణికి తృప్తి లేదు. వెలుగులో భర్త రూపం చూడాలి. వసంతోత్సవంలో జనం మధ్య వెతుక్కో అంటాడు రాజు. అక్కడ సువర్ణుడనే అందగాడు రాజు వేషంలో తిరుగుతుంటే అతనే అనుకుని పొరబడుతుంది. తోట అంటుకుంటుంది. ఆ మంటల వెలుగులో అసలు రాజుని చూసి, ఆ భయంకరమైన నల్లటి రూపానికి దడుచుకుని పుట్టింటికి పారిపోతుంది. ఆమె కోసం రాజులు యుద్ధానికి దిగుతారు. చివరికి గర్వమంతా పోయి, రథం కూడా లేకుండా దుమ్ములో నడిచి తిరిగి వస్తుంది. అప్పుడు రాజే ఆమెని వెలుగులోకి రమ్మంటాడు. విట్‌గెన్‌స్టైన్ అనే పెద్ద తత్వవేత్త ఈ నాటకం మీద మనసు పారేసుకుని కొంత భాగాన్ని మిత్రుడితో కలిసి తనే మళ్ళీ ఇంగ్లీషు చేసుకున్నాడు, అంతటిది.

నటి వైపు నుంచి చూడండి. ఎదుటి పాత్ర కనబడదు. చీకట్లో వినిపించే గొంతుకి బదులు చెబుతూ ప్రేమ, అనుమానం, కోపం, భయం అన్నీ ఒక్కతే మోయాలి. అహంకారం ఉన్నంతసేపు ప్రేక్షకుడికి చిరాకు రావాలి, పోయాక జాలి కాదు, గౌరవం కలగాలి. పైగా భాష తనది కాదు, నాటకం బెంగాలీ, ఆడుతున్నది ఇంగ్లీషులో, పుట్టింది తెలుగులో. పదేళ్ళకి పైగా రేడియో గదిలో కూచుని కనబడని వేలమందికి పాడిన మనిషికి, కనబడని రాజుతో మాట్లాడటం కొంత తెలిసిన విద్యే అయి ఉంటుందని నేను అనుకుంటాను. ఆ ఏడాది అవుటర్ క్రిటిక్స్ సర్కిల్ బహుమతి ఆవిడకి వచ్చింది. న్యూయార్కు బయటి పత్రికలకి రాసే నాటక విమర్శకుల సంఘం అది.

ఈ సంగతి ఎంత అరుదో అప్పటి బ్రాడ్‌వేని చూస్తే తెలుస్తుంది. 1951లో వచ్చిన "ది కింగ్ అండ్ ఐ" ఆ రోజుల్లో ఆసియా కథలకి నమూనా. దాని కథానాయిక అన్నా లియోనోవెన్స్ 1862లో సయాం రాజు కొలువులో చేరేముందు మన సింగపూరులోనే చిన్న బడి నడిపిన మనిషి. ఆ నాటకంలో సయాం రాజుగా పేరు తెచ్చుకున్నది రష్యాలో పుట్టిన యూల్ బ్రిన్నర్. ఆసియా రాజులూ రాణులూ ఆసియావాళ్ళు కానక్కర్లేదన్నది అప్పటి మర్యాద. అటువంటి చోట భారతీయుడు రాసిన నాటకాన్ని భారతీయుడు దర్శకత్వం చేస్తే భారతీయురాలు రాణి అయింది. అదీ, దాన్ని ఆదుకోవడానికి మనవాళ్ళు లేని చోట. 1946 చట్టం ప్రకారం ఏడాదికి కేవలం 100 మంది భారతీయులకి అమెరికా వలస అనుమతి ఇచ్చేది. ఆ గేటు తెరుచుకున్నది 1965 చట్టంతో. తానా పుట్టింది 1977లో. అంటే సూర్యకుమారి ఎదుట కూచున్నవాళ్ళలో "మా అమ్మాయి" అనుకుని చప్పట్లు కొట్టేవారు లేరనే చెప్పాలి. మన కళాకారులు ఈనాడు విదేశాలు వచ్చేసరికి విమానాశ్రయంలో పూలగుత్తులతో సంఘం వారు నిలబడి ఉంటారు. ఆవిడ ప్రేక్షకుల్ని తనే సంపాదించుకున్నారు.

తరవాత ఆ నాటకం దక్షిణాఫ్రికా వెళ్ళింది, ఆవిడా వెళ్ళారు. వర్ణవివక్ష చట్టాలు పూర్తి బలంతో ఉన్న రోజులు. డర్బను చుట్టుపక్కల చెరకు తోటల్లోకి 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా వచ్చిన కూలీల్లో మనవాళ్ళు చాలామంది. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈ ప్రదర్శన చూసే వీలు కలిగింది. అక్కడే కృష్ణా షాకి రచయిత ఆలన్ పేటన్ పరిచయమై, ఇద్దరూ కలిసి తయారు చేసిన "స్పొనోనో" 1964లో బ్రాడ్‌వేకి వెళ్ళింది. డర్బనులో ఆయన నడిపిన నటన శిక్షణ ప్రభావంతో అక్కడి భారతీయ యువకులు షా థియేటర్ అకాడమీ పెట్టుకున్నారు. దాని నుంచి వచ్చిన రానీ గోవెందర్ దక్షిణాఫ్రికా నాటకంలో పెద్ద పేరు. ఒక నాటకం దాటిన ఊరల్లా ఏదో ఒక మొలక వేసింది. ఆ నాటకానికి ముఖం సుదర్శన రాణి.

1965లో ఆవిడ లండనులో స్థిరపడ్డారు. అక్కడ "ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్" అనే సంస్థ పెట్టి పాట, నాట్యం, అభినయం కలిపి నేర్పారు, శిష్యులతో కలిసి ఏటా ప్రదర్శనలిచ్చారు. శిష్యుల్లో ఇంగ్లీషువాళ్ళూ ఉండేవారు. శాస్త్రీయ సంగీతం వాళ్ళు దీన్ని కలగాపులగం అనవచ్చు. నాకు మాత్రం అది మన పాత నాటకం తీరే అనిపిస్తుంది. పాట ఒక చోట, అడుగు ఒక చోట, మాట ఒక చోట నేర్చుకుని తరవాత కుట్టుకోవడం కాకుండా, మూడూ ఒకే మనిషిలో ఉండాలన్న పట్టుదల. 1973లో హెరాల్డ్ ఎల్విన్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆయనదో వింత జీవితం. యుద్ధకాలంలో మాస్కోలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో రాత్రి కాపలాదారు. రచయిత, చిత్రకారుడు. సైకిలు మీద భారతదేశం తిరిగి 1957లో చండీగఢ్ ప్రయాణం గురించి పుస్తకం వేశారు. ఆయన 1985లో పోయారు. ఆవిడ మరో 20 ఏళ్ళు లండనులోనే ఉన్నారు. 2005 ఏప్రిల్ 25న, 79 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. గార్డియన్ పత్రిక పెద్ద సంతాప వ్యాసం వేసింది.

మళ్ళీ మొదటి ప్రశ్నకి వస్తే, ఎందుకు మరిచిపోయాం? నిర్లక్ష్యం అనేసి ఊరుకోవచ్చు గానీ, నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. ఆవిడ పనిచేసిన ఏళ్ళు రెండు చరిత్రల మధ్య సందులో పడ్డాయి. తెలుగు సినిమా చరిత్ర ఆవిణ్ణి 1955 దగ్గర వదిలేస్తుంది. బ్రిటన్‌లో ఆసియావాళ్ళ నాటక చరిత్ర రాసేవాళ్ళు చాలామంది 1977లో పుట్టిన తారా ఆర్ట్స్ నుంచి కథ మొదలుపెడతారు. అమెరికాలో ఆసియావాళ్ళ నాటకం అంటే 1965లో లాస్ ఏంజెలస్‌లో మొదలైన ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ పేరు ముందు వస్తుంది. తానా 1977, సింగపూర్ తెలుగు సమాజం 1975. ఆవిడ న్యూయార్కులో సుదర్శన అయ్యేనాటికి వీటిలో ఒక్కటీ లేదు. సంఘం ఉంటే సావనీరు ఉంటుంది, సావనీరు ఉంటే ఫొటో, తేదీ, నాలుగు వాక్యాలు ఉంటాయి. ఏదో ఒక సంఘానికి చెందని మనిషిని గుర్తుపెట్టుకునే పద్ధతి మనకి అలవాటు కాలేదు. ఇంట్లో వాళ్ళకి దూరం, పొరుగువాళ్ళకి ముందు, ఇదీ ఆవిడ స్థితి.

రెండో కారణం సాంకేతికం. లక్క రికార్డు మిగులుతుంది, రంగస్థలం మిగలదు. ఆ కాలపు తెలుగు సినిమాల రీళ్ళే చాలామటుకు నశించాయి. మన జాతీయ ఫిల్ము భాండారం పెట్టిందే 1964లో. అందుకే ఒక కళాకారిణి జీవితంలో ఏది గొప్పదో అది కాకుండా, ఏది రికార్డయిందో అది చరిత్ర అవుతుంది. మేము ప్రోగ్రాములు రాసేచోట బాకప్ లేనిది అసలు లేనట్టే అంటాం. మనుషుల విషయంలో ఆ సూత్రం ఎంత అన్యాయమో సూర్యకుమారి గారిని చూస్తే తెలుస్తుంది. మూడు నిమిషాల చిల్లర పాట అరవై ఏళ్ళ వృత్తిని మింగేసింది.

సుందరాచారి గారి పాట మనం ఎప్పుడూ పాడుకునేదే. మన పిల్లలు బడిలో తమిళమో హిందీయో రెండో భాషగా చదువుతూ, ఈ పాటలోని తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. కరవోకె ట్రాకు వేగంలో పాడేస్తారు. వాళ్ళకి ఒక్కసారి పాత రికార్డు వినిపిస్తే, "ళ"కీ "ల"కీ తేడా ఎక్కడుందో, మాట విరగకుండా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మనం విడిగా చెప్పక్కర్లేదు. ఎనభై ఏళ్ళ కిందటి గీరల శబ్దం వెనక నుంచి కూడా ప్రతి అక్షరం తెలుస్తుంది.

వినడమే కాదు, ఆవిణ్ణి చూడాలని ఉన్నవాళ్ళకి కూడా ఒక దారి ఉంది. సుదర్శన రాణిని ఇప్పుడు మనం చూడలేం. ఉడన్ ఖటోలా మాత్రం ఇంకా దొరుకుతుంది, నౌషాద్ సంగీతం కోసమైనా చూడదగ్గ సినిమా. దిలీప్ కుమార్ విమానం కూలి కొత్త లోకంలో పడ్డాక, ఆ రాజ్యాన్ని ఏలే రాణి ఒకావిడ వస్తారు. ఆవిడే.